సూది రాసిచ్చుడు సరే, ఇంటికొచ్చి చూసేదెవరు?

ఇన్సులిన్ మీద మన ఊర్లల్ల రెండు మాటలు గట్టిగ నాటుకున్నయ్. ఒకటి, "సూది మొదలైందంటే ఇగ ఆఖరే." రెండోది, "సూది వేసుకుంటున్న గదా, ఇగ షుగర్‌తోని ఫికర్ లేదు." రెండూ తప్పే. మొదటి మాటకు భయపడి సూది మానేసినోళ్లు ఉన్నరు. రెండో మాటను నమ్మి, ఆ సూది సరిగ్గ పని చేస్తున్నదా లేదా అని ఎన్నడూ చూసుకోనోళ్లు అంతకంటే ఎక్కువ ఉన్నరు. నేను చెప్పేది ఈ రెండో రకం వాళ్ల గురించి.

నేను ఫార్మసిస్టును. మండల కేంద్రంల ఒక మందుల దుకాణంల పని చేస్త. వారంల రెండు దినాలు పొద్దుమీకి, పెన్నుతోని ఇన్సులిన్ తీసుకునేటోళ్ల ఇండ్లకు పోయి చూసొస్త. ఇండ్లు తిరిగినంక నాకు సమజైన ముచ్చట ఒక్కటే. చీటీ మీద డాక్టర్ రాసిన మోతాదు వేరు, మనిషి పెయ్యిలకు పోతున్న మోతాదు వేరు. ఈ తేడా దవాఖానల కనవడదు, దుకాణంల కనవడదు. ఇంట్లనే కనవడతది.

షుగర్ పట్నపోళ్ల బీమారి అనే కాలం ఎప్పుడో పోయింది. 2023ల వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్క ప్రకారం దేశంల 10 కోట్ల మందికి పైగ షుగర్ ఉన్నది. ఇయ్యాల ఏ ఊరికి పోయినా సూది వేసుకునేటోళ్లు కనవడతరు. వాళ్లల్ల శానా మందికి పెన్ను పట్టుడు నేర్పింది దుకాణం కౌంటర్ కాడ, రెండు నిమిషాలల్ల, వెనుక లైను నిలవడి ఉండంగ.

పెన్ను అంటే ఏంది?

ఇన్సులిన్‌ను 1921ల కెనడాల టొరంటోల బాంటింగ్, బెస్ట్ అనేటోళ్లు బయటికి తీసిన్రు. 1922 జనవరిల 14 ఏండ్ల పిలగానికి మొట్టమొదటిసారి ఇచ్చిన్రు. అంతకుముందు ఆ వయసు పిల్లలకు షుగర్ వచ్చిందంటే బతికేది కష్టం. అంటే ఇన్సులిన్ ఆఖరి మందు కాదు, పానం నిలవెట్టిన మందు. 1985ల పెన్ను వచ్చింది. సీసాకెల్లి సిరంజిలకు గుంజి, బుడగలు తీసి, గీతలు చూసుకునే తిప్పలు తప్పింది.

పెన్నుల ఉండే కార్ట్రిడ్జి 3 మిల్లీలీటర్లు ఉంటది. అండ్ల 300 యూనిట్లు ఉంటయ్. వెనుక బటన్ తిప్పితే కిటికీల అంకె కనవడతది. సూది గుచ్చి బటన్ ఒత్తితే అన్ని యూనిట్లు పోతయ్. చూసేతందుకు అల్కగనే ఉంటది. అల్కగ కనవడుడే దీంతోని వచ్చిన చిక్కు. సిరంజి అంటే అందరు జాగ్రత్త పడతరు, పెన్ను అంటే "ఒత్తితే అయిపాయె" అనుకుంటరు.

ముందుగాల ఫ్రిజ్జు చూస్త

ఇంట్లకు పోంగనే నేను అడిగే మొదటి మాట, "పెన్ను ఏడ పెడుతున్నరు?" కొందరు ఫ్రిజ్జుల పైన, మంచుగడ్డ కట్టే అరల పెడతరు. గడ్డ కట్టిన ఇన్సులిన్ కరిగినంక చూస్తే మంచిగనే కనవడతది, కని పని చెయ్యది. పారెయ్యాలె. ఇంకొందరు టీవీ మీద, కిటికీల, బండి డిక్కిల పెడతరు. ఎండకు అది ఖరాబైతది.

పద్ధతి ఇది. తెరవని పెన్నులు, కార్ట్రిడ్జిలు ఫ్రిజ్జుల నడిమి అరల, 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంల పెట్టాలె. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు ఉంటే బయట పెట్టొచ్చు. అట్ల పెట్టింది ఎక్కువ రకాలల్ల 28 రోజులు పని చేస్తది. కొన్ని రకాలు ఇంకొన్ని దినాలు వస్తయ్, ఆ లెక్క డబ్బల ఉన్న కాగితం మీద ఉంటది. అందుకే నేను మొదలు చేసే పని, పెన్నుకు చిన్న ప్లాస్టర్ అంటించి, మొదలువెట్టిన తారీఖు రాసుడు.

మరి ఎండకాలం మన దిక్కు 44, 45 డిగ్రీలు కొడతది, ఫ్రిజ్జు లేనోళ్లు ఏం చెయ్యాలె? మట్టికుండ ఉన్నది. పెన్నును నీళ్లు తగలకుంట మూతున్న డబ్బల పెట్టి, తడిగుడ్డ చుట్టిన కుండల, నీడకు, గాలి తగిలే కాడ పెడితే బయటికంటే శానా చల్లగ ఉంటది. కెన్యాల శరణార్థుల శిబిరంల ఫ్రిజ్జు లేని ఇండ్ల వేడి లెక్క తీసుకొని, డాక్టర్స్ వితౌట్ బార్డర్స్ సంస్థ, జెనీవా యూనివర్సిటీ కలిసి పరీక్ష చేసిన్రు. 25 నుంచి 37 డిగ్రీల నడుమ మారే వేడిల నాలుగు వారాలు ఉంచినా ఇన్సులిన్ బలం తగ్గలేదని 2021ల చెప్పిన్రు. అంటే ఫ్రిజ్జు లేదని సూది మానే పని లేదు. కని బండి డిక్కి వేడి వేరు, ఎండల కాలే రేకుల ఇల్లు వేరు. ఆడ కుండ ఉండాల్సిందే.

తర్వాత చెయ్యి చూస్త

"ఎట్ల వేసుకుంటున్నవో నా ముంగట ఒకసారి వేసుకో పెద్దమ్మా" అంట. నేను చెప్పను, చూస్త. చెప్పుమంటే అందరు సరిగ్గనే చెప్తరు, చేసేటప్పుడే తప్పులు బయటపడతయ్.

పాల తీరు తెల్లగ ఉండే మిక్స్ ఇన్సులిన్ అయితే ముందు కలపాలె. అరచేతుల నడుమ పది సార్లు దొర్లించి, పది సార్లు మీదికి కిందికి తిప్పాలె. గట్టిగ ఊపొద్దు. కలపకపోతే ఒకనాడు పైన నీళ్లు పోతయ్, ఇంకోనాడు అడుగున చిక్కది పోతది. ఒకే అంకె పెట్టినా షుగర్ ఒకరోజు 300, ఇంకోరోజు 60 వస్తదంటే ఇదొక కారణం కావొచ్చు. నీళ్ల తీరు తేటగ ఉండే ఇన్సులిన్‌ను కలిపే పని లేదు. అండ్ల మబ్బు లెక్క, పలుకులు లెక్క కనవడితే వాడొద్దు.

సూది బిగించినంక 2 యూనిట్లు తిప్పి, సూది మీదికి పెట్టి, గాలిల ఒత్తాలె. మొనకు చుక్క కనవడాలె. "రెండు యూనిట్లు దండుగ ఐతయ్" అని శానా మంది ఇది చెయ్యరు. ఆ చుక్క రాలేదంటే సూది మూసుకపోయిందన్నట్టు, లేకుంటే లోపట గాలి ఉన్నట్టు. చుక్క చూడకుంట పొడుచుకుంటే మందు పోయిందా లేదా తెల్వనే తెల్వది.

గుచ్చి బటన్ ఒత్తినంక వెంటనే తియ్యొద్దు. మెల్లగ ఒకటి నుంచి పది దాక లెక్కపెట్టి తియ్యాలె. జల్ది తీస్తే మందు సూది మొనకెల్లి బయటికే కారుతది. చర్మం మీద తడి కనవడ్డదంటే మోతాదు పూర్తిగ పోలేదన్నట్టే.

తీసినంక సూదిని పెన్నుకే వదిలెయ్యొద్దు, విప్పెయ్యాలె. వదిలేస్తే గాలి లోపటికి పోతది, మందు కారుతది. సూది ప్రతిసారి కొత్తది వాడాలె. ఖర్చని ఒక్క సూదిని పది దినాలు వాడేటోళ్లను చూసిన. మొన మొండివడతది, వంగుతది, నొప్పి లేస్తది, చర్మం కింద గడ్డలు కడతది.

ఇంకొకటి పానాల మీదికి తెచ్చేది. కార్ట్రిడ్జిల మందు 100 బలంది, అంటే మిల్లీలీటరుకు 100 యూనిట్లు. మన దగ్గర దొరికే మామూలు సీసాలల్ల ఎక్కువ 40 బలంది ఉంటది. ఎర్ర మూత సిరంజి ఆ 40కే. పెన్ను ఖరాబైందని కార్ట్రిడ్జికెల్లి ఎర్ర మూత సిరంజితోని గుంజితే ఏమైతది? సిరంజి మీద 10 గీత కాడ ఆగినా లోపట ఉండేది 25 యూనిట్లు. రెండున్నర రెట్లు! నిద్రల షుగర్ పడిపోయి మనిషి మల్ల లేవకపోవచ్చు. కార్ట్రిడ్జికెల్లి సిరంజితోని ఎన్నడూ గుంజొద్దు.

ఆలుమగలిద్దరికి షుగర్ ఉంటే "సూది మార్చుకుంటున్నం గదా" అని ఒకటే పెన్ను వాడే ఇండ్లున్నయ్. సూది మార్చినా సరిపోదు. గుచ్చినప్పుడు కంటికి కనవడనంత రక్తం కార్ట్రిడ్జిలకు రావొచ్చు. దాంతోని కామెర్ల రోగాలు, హెచ్ఐవీ అసొంటియి ఒకరి నుంచి ఒకరికి అంటొచ్చు. ఎవరి పెన్ను వాళ్లదే.

పొట్ట ముట్టి చూస్త

ఇది డాక్టర్ గదిల తక్కువ సార్లు జరిగే పని. సూది వేసుకునే జాగను వేళ్లతోని మెల్లగ ఒత్తి చూడాలె. ఒక పెద్దమ్మకు ఏడాదిల మూడు సార్లు మోతాదు పెంచిన్రు, అయినా షుగర్ దిగలేదు. ఇంట్ల చూస్తే బొడ్డుకు కుడిదిక్కు రబ్బరు ముద్ద లెక్క గడ్డ ఉన్నది. "గా జాగల అయితే నొప్పి లేవది బిడ్డా, అందుకే ఆడనే పొడుచుకుంట" అన్నది. నొప్పి లేవదు, నిజమే. కని గడ్డల వేసిన మందు ఒకరోజు ఆడనే ఆగిపోతది, ఇంకోరోజు ఒక్కసారే రక్తంలకు ఎక్కుతది.

ఈడ ఒక కిటుకు ఉన్నది. గడ్డ కనవడ్డది గదా అని రేపటి సంది అదే మోతాదు మంచి జాగల వేసుకోమంటే ప్రమాదం. పెంచుకుంట వచ్చిన మోతాదంతా ఒక్కసారే పని చేసి షుగర్ పడిపోతది. అందుకే ముందుగాల డాక్టర్‌కు ఫోన్ చేసిన. ఆయన మోతాదు తగ్గిచ్చి జాగ మార్చమన్నడు, పొద్దుమాపు మీటర్‌తోని చూడుమన్నడు. కొన్ని వారాలకు తక్కువ మోతాదుతోనే పెద్దమ్మ షుగర్ దారికి వచ్చింది. ఏడాది సంది అయిన ఖర్చు, పడ్డ రంది ఒక వేలి కొసతోని తప్పేది. నేనేదో గొప్ప పని చేసిన అని కాదు, ఇంటికి పోయి చూసే మనిషి ఉంటే ఇట్లుంటది అని చెప్తున్న.

పొట్ట మీద బొడ్డు చుట్టూ రెండు మూడు వేళ్ల జాగ వదిలి, కుడి, ఎడమ, మీద, కింద అని నాలుగు భాగాలు అనుకోవాలె. వారానికొక భాగం. ఆ భాగంల గూడ నిన్నటి జాగకు ఇయ్యాల్టి జాగకు ఒక వేలు దూరం ఉండాలె. తొడలు గూడ వాడొచ్చు. కని నాట్లకు, పత్తి ఏరుటానికి పోయే ముందు తొడకు వేసుకుంటే మందు జల్ది ఎక్కుతది, ఆ దినం పొట్టకే వేసుకునుడు మంచిది.

మందుల సంచి, లెక్క

సంచిల ఉన్నయన్ని మంచం మీద కుమ్మరియ్యమంట. సర్కారు దవాఖానల ఇచ్చిన షుగర్ గోలి ఒకటి, ప్రైవేటుల రాసిన గోలి ఒకటి ఉంటయ్. పేర్లు వేరు, లోపటి మందు ఒక్కటే. రెండు మింగి, మీదికెల్లి సూది వేసుకుంటే షుగర్ పడిపోకుంట ఎట్ల ఉంటది? మోకాళ్ల నొప్పులకు ఊర్ల వేయించుకున్న స్టెరాయిడ్ సూదులు, గోలీలు ఇంకో తీరు. అయి షుగర్‌ను లేపుతయ్. "గీ వారం షుగర్ ఎందుకు లేసిందో" అని తలకాయ వట్టుకుంటే జవాబు సంచిలనే దొరుకుతది.

ఇగ లెక్క. రోజుకు పొద్దున 14, రాత్రి 10 యూనిట్లు రాసిన్రు అనుకో. గాలిల ఒత్తే రెండ్రెండు కలిపితే దినానికి 28. 300 యూనిట్ల కార్ట్రిడ్జి పది రోజుల మీద కొంచెం వస్తది. నెలకు మూడు కావాలె. మా దుకాణంల నెలకు ఒక్కటే కొంటున్నరంటే, సూది ఎగ్గొడుతున్నరు అని లెక్కనే చెప్తది. ఇంటికి పోయి మెల్లగ అడిగితే అసలు సంగతి బయటికొస్తది. పైసల్లేవు. డాక్టర్ ముంగట సిగ్గుపడి చెప్పరు, తిడతరని భయపడతరు. ఆయన షుగర్ ఎక్కువుందని ఇంకింత పెంచుతడు. ఇసొంటోళ్లకు పెన్ను కంటే సీసా, సిరంజి అగ్గువ పడతయ్. సర్కారు దవాఖానల ఇచ్చే ఇన్సులిన్‌కు మారొచ్చా అని డాక్టర్‌ను అడగాలె. ఎవరంతట వాళ్లు మారొద్దు.

షుగర్ పడిపోతే

చెమటలు, వణుకు, గుండె దడ, ఆకలి, కండ్లు తిరుగుడు, ఉన్నట్టుండి కోపం, తాగినోని లెక్క మాట తడబడుడు. ఇయి షుగర్ పడుతున్న గుర్తులు. మీటర్‌ల 70 కంటే తక్కువ ఉంటే, లేదా మీటర్ లేకున్నా ఈ గుర్తులుంటే, మూడు చెంచాల సక్కెర నీళ్లల్ల కలిపి తాపాలె. పావుగంటకు మల్ల చూడాలె. తక్కువనే ఉంటే ఇంకోసారి తాపాలె. తేరుకున్నంక ఏమన్న తినవెట్టాలె. సోయి లేకుంట పడిపోతే నోట్ల ఏం పోయొద్దు, గొంతుకు అడ్డంపడతది. పక్కకు ఒరిగిచ్చి పండవెట్టి 108కు ఫోన్ చెయ్యాలె.

సూదికి, బువ్వకు టైం గూడ తెల్వాలె. పాత రకం మిక్స్ ఇన్సులిన్ తినేటందుకు అర్ధగంట ముందు వేసుకోవాలె. కొత్త రకాలల్ల శానా వరకు తినే ముందటనే. రోజంతా పని చేసేదానికి బువ్వతోని సంబంధం లేదు, దినాం ఒక్క టైముకు ఉండాలె. రెండు పెన్నులున్న ఇంట్ల ఒకదానికి ఎర్ర దారం, ఇంకోదానికి పచ్చ దారం కట్టిపిస్త. చూపు ఆననోళ్లు టిక్కుటిక్కు శబ్దం లెక్కవెట్టుకొని వేసుకుంటరు, అది నమ్మకం కాదు. కిటికీల అంకె ఇంట్ల ఒకరు చూడాల్సిందే. ఒక్కపొద్దులు, రోజాలు ఉండేటోళ్లు ముందుగాలనే డాక్టర్‌ను అడగాలె.

వాడిన సూదులు పెంటకుప్పల వేస్తే చెత్త ఎత్తే సఫాయి అక్కలకు గుచ్చుకుంటయ్. ఇంటి సూదులు, సిరంజీలు ప్రమాదమైన చెత్తనే, వేరే పెట్టాలె. గట్టి ప్లాస్టిక్ సీసాల వేసి, మూత బిగించి, నిండినంక దవాఖానల అడిగి అప్పజెప్పాలె.

ఇదంతా ఎవరు చెయ్యాలె?

"ఆశ వర్కర్లు ఉన్నరు గదా" అంటరు. ఉన్నరు, వాళ్ల నెత్తిన ఇప్పటికే మొయ్యలేనంత పని ఉన్నది. మందు సంగతి చదువుకున్న మనిషి ఫార్మసిస్టు. 1948 ఫార్మసీ చట్టం ప్రకారం చీటీ మీద మందు ఇచ్చేది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. ఆ మందు ఎట్ల వాడాల్నో చెప్పుడు గూడ ఆయన పనే అని 2015 నిబంధనలల్ల రాసి ఉన్నది. మరి మన ఊర్లల్ల ఏం జరుగుతున్నది? గోడకు సర్టిఫికెట్ వేలాడుతది, ఆ పేరున్న మనిషి ఇంకేడనో ఉంటడు. సర్టిఫికెట్ కిరాయికి ఇచ్చుడు మాకు సిగ్గనిపియ్యనంత మామూలైంది. బీఫార్మసీ, ఫార్మ్‌డీ చదివిన పోరగాండ్లు హైదరాబాద్‌ల కంప్యూటర్ల ముంగట కూసుంటున్నరు. ఊర్ల అవ్వ ఒక్కతే పెన్నుతోని కొట్లాడుతున్నది.

బయటి దేశాలల్ల ఇది కొత్త ముచ్చట కాదు. ఆస్ట్రేలియాల 2001 నుంచి, డాక్టర్ రాసిస్తే ఫార్మసిస్టు ఇంటికి పోయి మందులన్ని చూసి డాక్టర్‌కు రిపోర్టు ఇస్తడు. పైసలు సర్కారు ఇస్తది. జపాన్‌ల ముసలోళ్ల కోసం 2000ల మొదలైన సంరక్షణ బీమాల ఫార్మసిస్టు ఇంటికొచ్చే ఏర్పాటు ఉన్నది. మనది అంత పైసలున్న దేశం కాదు, ఒప్పుకుంట. కని మన పీహెచ్‌సీలల్ల ఫార్మసిస్టు పోస్టులున్నయ్, ఊర్లల్ల పల్లె దవాఖానలున్నయ్. సూది వేసుకునేటోళ్ల పేర్లు ఊరివారీగ రాసి, వారానికి ఒక పూట ఫార్మసిస్టును బయటికి పంపియ్యాలె. సూది మొదలైన వారంల ఒకసారి, మోతాదు మారినప్పుడు ఒకసారి, తర్వాత మూడు నెలలకొకసారి పోయి చూస్తే చాలు. ఖాళీ పోస్టులు నింపాలె, దారి ఖర్చులియ్యాలె.

ఒక హద్దు గూడ చెప్పాలె. ఇంటికొచ్చే ఫార్మసిస్టు డాక్టర్ కాదు. మోతాదు పెంచుడు, దించుడు ఆయన పని కాదు. చూసింది చూసినట్టు రాసి డాక్టర్‌కు చెప్పాలె. తన దుకాణం మందులు అమ్ముకునేతందుకు వచ్చేటోడైతే వాన్ని ఇంట్లకు రానియ్యొద్దు.

అప్పటిదాక మీ పని

తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఫార్మసిస్టు మీ గడప తొక్కేదాక ఆగే పని లేదు. మీ ఇంట్ల సూది వేసుకునే తాత, బాపు, పెద్దమ్మ ఎవరున్నా ఈ నాలుగు పనులు మీ చేతులల్లనే ఉన్నయ్:

పెన్ను మీద మొదలువెట్టిన తారీఖు రాయున్రి.

ఒకసారి పక్కన కూసొని సూది వేసుకునుడు మొత్తం చూడున్రి. కలుపుడు, చుక్క, అంకె, పది లెక్క.

పొట్ట ముట్టి చూడున్రి. గడ్డ తగిలితే జాగ మీరే మార్చకున్రి, ముందు డాక్టర్‌కు చెప్పున్రి.

రోజు మోతాదుకు రెండ్రెండు కలిపి, నెలకెన్ని కార్ట్రిడ్జిలు రావాల్నో లెక్క వెయ్యున్రి. తక్కువ కొంటున్నరంటే తిట్టకుంట కారణం అడుగున్రి.

ఇంకో పని బయట ఉన్నది. మందుల దుకాణంకు పోయినప్పుడు, "ఫార్మసిస్టు ఎవరు? పెన్ను ఎట్ల వాడాల్నో జర చెప్తరా?" అని అడుగున్రి. గ్రామసభ పెట్టినప్పుడు, మా ఊర్ల ఇంత మంది సూది వేసుకుంటున్నరు, ఇంటికొచ్చి చూసే మనిషి కావాలె అని లేసి చెప్పున్రి. రోడ్డు కోసం అడుగుతున్నం, నీళ్ల కోసం అడుగుతున్నం. ఇది గూడ అట్ల అడగాల్సిందే. అడగనిది ఏ సర్కారూ ఇయ్యలేదు.